అంత ఆట ఆడినవాడు గ్లాసు ఎందుకు వదల్లేకపోయాడు?

1974 జనవరి 1న లండన్‌లోని లాఫ్టస్ రోడ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ 0-3తో క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో ఓడింది. ఆ మ్యాచ్ ఆడిన జార్జ్ బెస్ట్ ఆ క్లబ్ తరఫున మళ్లీ ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడలేదు. అప్పటికి వయసు 27. మామూలుగా ఫుట్‌బాల్ ఆటగాడు పదునెక్కే వయసు. 1968లో యూరోపియన్ కప్ ఫైనల్లో గోల్ కొట్టి, యూరప్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ కూడా అదే ఏడాది అందుకున్నవాడు. 1974 తర్వాత స్టాక్‌పోర్ట్, డన్‌స్టబుల్, కార్క్, లాస్ ఏంజెలిస్, ఫుల్హమ్, ఎడిన్‌బరో అంటూ ఊళ్లు పట్టుకుని తిరిగాడు. 2005 నవంబర్ 25న లండన్ ఆసుపత్రిలో 59 ఏళ్లకు పోయాడు.

బెస్ట్ ఒక్కడే కాదు. బ్రెజిల్‌కి రెండు వరల్డ్ కప్పులు తెచ్చిన గరించా 49 ఏళ్లకే పోయాడు. 1982 బ్రెజిల్ జట్టు కెప్టెన్ సోక్రటీస్ 57కి పోయాడు. జర్మనీ గోల్ మెషీన్ గెర్డ్ ముల్లర్, ఇంగ్లండ్ గోల్ వీరుడు జిమ్మీ గ్రీవ్స్, ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ తాగుడులో మునిగి తేలారు. ఇంగ్లండ్ ఆటగాడు పాల్ గాస్కోయిన్ తాగుడుతో చేసే పోరాటం ఏళ్ల తరబడి పేపర్లకెక్కుతూనే ఉంది.

వరల్డ్ కప్ వచ్చిన ప్రతిసారీ ఈ పేర్లు వాట్సాప్‌లో తిరుగుతాయి. కింద ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "నలుగురు డిఫెండర్లను దాటుకుని వెళ్లినవాడికి ఒక గ్లాసు పక్కన పెట్టడం చేతకాలేదా?" ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగాపులగమై ఉన్నాయి. వ్యసనం అంటే అసలేమిటి? ఫుట్‌బాల్‌కి దీనిలో పాత్ర ఉందా? కొందరు బయటపడి, కొందరు ఎందుకు పడలేదు?

తాగడానికీ, తాగుడుకు బానిస కావడానికీ మధ్య గీత

మన భాషలో ఈ మనిషికి రెండు పేర్లున్నాయి. ఒకటి తాగుబోతు, అది తిట్టు. రెండోది తాగుడుకు బానిస. బానిసకి యజమాని ఉంటాడు, తన ఇష్టం తన చేతిలో ఉండదు. వైద్యులు చెప్పే నిర్వచనానికి ఈ రెండో మాటే దగ్గర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుకలోకి తెచ్చిన జబ్బుల పదో వర్గీకరణలో దీనికి ఆరు లక్షణాలున్నాయి. తాగాలన్న బలమైన తపన. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో చేతిలో లేకపోవడం. మానితే వణుకు, చెమటలు. అదే మత్తు రావడానికి మునుపటికన్నా ఎక్కువ తాగాల్సి రావడం. మిగతా ఇష్టాలన్నీ తాగుడు ముందు పక్కకు పోవడం. హాని జరుగుతోందని తెలిసినా ఆపకపోవడం. గడిచిన ఏడాదిలో వీటిలో కనీసం మూడు కలిసి కనిపిస్తే దాన్ని ఆధారపడటం అంటారు.

ఈ ఆరింటిలో ఎక్కడా "రోజుకి ఇంత" అన్న లెక్క లేదు. ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు వారానికి మూడు రోజులు నాలుగేసి పెగ్గులు వేసి మర్నాడు మామూలుగా లేస్తాడు. ఇంకొకరు రోజుకి రెండే వేస్తాడు గానీ ఆ రెండూ పడకపోతే చేతులు వణుకుతాయి, ఆ రెండింటి కోసం కూతురి పెళ్లిచూపులకి ఆలస్యంగా వెళ్తాడు, డాక్టర్ వద్దన్నా మానడు. వారం మొత్తం లెక్క వేస్తే తేడా పెద్దగా లేకపోవచ్చు. జబ్బు మాత్రం రెండోవాడికే. మొదటివాడి లివర్‌కి ముప్పు లేదని కాదు, అది వేరే లెక్క.

బెస్ట్ విషయంలో ఈ గీత ఎప్పుడు దాటిందో తేదీ చెప్పలేం. గుర్తులు మాత్రం బయటకే కనిపించాయి. 1971 జనవరిలో చెల్సీతో మ్యాచ్‌కి టీమ్ ఎక్కిన రైలు అతను ఎక్కలేదు. ప్రాక్టీస్ ఎగ్గొట్టడం అలవాటైంది. 1972లో 26వ పుట్టినరోజు దగ్గర్లో స్పెయిన్ బీచ్ నుంచి రిటైర్ అవుతున్నానని ప్రకటించి, మళ్లీ తిరిగొచ్చాడు. మిగతా ఇష్టాలన్నీ పక్కకు పోవడం అన్న లక్షణం అతని విషయంలో ఆటనే పక్కకు నెట్టింది.

క్వార్టర్‌లో ఎంతుంది, పైంట్‌లో ఎంతుంది

"వాళ్లు తాగేది బీరేగా" అనే మాట కూడా వినిపిస్తుంది. లెక్క చూద్దాం. బ్రిటన్‌లో 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్‌ని ఒక యూనిట్ అంటారు, బరువులో సుమారు 8 గ్రాములు. అక్కడి ఆరోగ్య శాఖ 2016 నుంచి చెప్పే హద్దు వారానికి 14 యూనిట్లు.

మన దగ్గర క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 180లో 42.8 శాతం అంటే 77 మిల్లీలీటర్లు, ఏడున్నర యూనిట్లు దాటాయి. రెండు క్వార్టర్లకే వారం కోటా అయిపోయి పైన ఇంకాస్త మిగిలింది. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 32.5 మిల్లీలీటర్లు, అంటే మూడుంపావు యూనిట్లు. ఇంగ్లండ్ పబ్బులో పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. 4 శాతం బీరైతే రెండుంపావు యూనిట్లు. ఆరు పైంట్లు తాగితే దాదాపు 14. ఒక్క సాయంత్రంలో వారం కోటా ఖతం.

శరీరం గంటకి సుమారు ఒక యూనిట్‌నే ఖర్చు చేయగలదు. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. సాయంత్రం 7కి మొదలుపెట్టి ఆరు పైంట్లు తాగినవాడి రక్తంలో మర్నాడు ఉదయం 9 దాకా ఎంతో కొంత ఉంటుంది. 1990ల మొదట్లో ఆర్సెనల్ ఆటగాళ్ల "మంగళవారం క్లబ్" పేరుమోసింది. మంగళవారం ప్రాక్టీస్ కాగానే కట్టకట్టుకుని తాగడానికి వెళ్లేవాళ్లు. మంగళవారమే ఎందుకంటే బుధవారం సెలవు. క్లబ్ టైమ్‌టేబుల్‌లోనే తాగుడుకి చోటుందన్నమాట.

బ్రేకు, యాక్సిలరేటర్

మెదడులో నరాలను నెమ్మదింపజేసే రసాయనం గాబా, ఉరకలెత్తించేది గ్లూటమేట్. మందు బ్రేకుని గట్టిగా తొక్కుతుంది. అందుకే టెన్షన్ తగ్గినట్టుంటుంది. నెలలు, ఏళ్లు ఇదే జరిగితే మెదడు ఊరుకోదు. బ్రేకు ఎప్పుడూ పడే ఉంటోంది కాబట్టి యాక్సిలరేటర్ బలంగా తొక్కడం నేర్చుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా మందు ఆపితే బ్రేకు లేచిపోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంటుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ముదిరితే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం దాకా వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు.

"మగాడైతే రేపటి నుంచి మానెయ్" అన్న సవాలు బాగా ముదిరినవాడికి ప్రమాదకరం అయ్యేది ఇందుకే. ఆ స్థితిలో మానడం డాక్టర్ కళ్లెదుట జరగాల్సిన పని. అక్కడ మనసు ఎంత గట్టిదన్నది అంతగా లెక్కలోకి రాదు.

గెలుస్తున్నంత కాలం ఎవరికీ కనపడదు

తాగుడు వల్ల ఆట పోయింది అనుకుంటాం గానీ, చాలామంది విషయంలో ఆట బాగున్నంత కాలం తాగుడు దాక్కుంది. టోనీ ఆడమ్స్‌నే తీసుకోండి. 1990 డిసెంబర్‌లో తాగి కారు నడిపిన కేసులో నాలుగు నెలల శిక్ష పడింది. సుమారు రెండు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. అప్పటికి ఆర్సెనల్ కెప్టెన్ అతనే. ఆ సీజన్‌లో ఆర్సెనల్ ఒకే ఒక్క లీగ్ మ్యాచ్ ఓడి టైటిల్ గెలిచింది. కెప్టెన్ జైలుకి వెళ్లొచ్చాడు, కప్పు కూడా వచ్చింది. ఇక ఎవరు ఎవరికి ఏం చెబుతారు? ఆ తర్వాత అతను ఇంకో ఐదేళ్లకు పైగా తాగాడు.

ఐర్లండ్ డిఫెండర్ పాల్ మెక్‌గ్రాత్ మోకాళ్లు ఎంత పాడయ్యాయంటే ప్రాక్టీస్ చేయలేక నేరుగా మ్యాచ్‌కే దిగేవాడు. తాగుడు సరేసరి, దాని గురించి తర్వాత తనే దాపరికం లేకుండా చెప్పాడు. 1993లో ఇంగ్లండ్‌లో తోటి ఆటగాళ్లంతా ఓట్లేసి ఆ ఏడాది ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నది అతన్నే.

దీనికి ఆట చుట్టూ ఉన్న వాతావరణాన్ని కలపాలి. గెలిస్తే తాగాలి, ఓడితే తాగాలి, కొత్తగా వచ్చిన కుర్రాడు జట్టులో కలవాలంటే తాగాలి. చొక్కా మీద కూడా బీరే. గాస్కోయిన్ టోటెన్‌హమ్‌లో వేసుకున్న చొక్కా మీద హోల్‌స్టెన్, తర్వాత స్కాట్లండ్‌లో రేంజర్స్ చొక్కా మీద మెక్‌యూవన్స్ లాగర్. 1993 నుంచి 2001 దాకా ప్రీమియర్ లీగ్ పేరుకి ముందున్నది కార్లింగ్ బీరు. మన దగ్గర నేరుగా ప్రకటన ఇవ్వకూడదు కాబట్టి సోడా పేరుతోనో మ్యూజిక్ సీడీల పేరుతోనో అవే బ్రాండ్లు క్రికెట్ దగ్గరికి వస్తాయి. చూసేవాడికి సోడా గుర్తొస్తుందా, ఇంకోటా?

అయితే ఈ వాదనకి ఓ అడ్డం ఉంది. అదే డ్రెస్సింగ్ రూమ్‌లో, అదే పబ్బులో బెస్ట్ పక్కన కూర్చున్నవాళ్లలో చాలామంది బానిసలు కాలేదు. వాతావరణమే కారణమైతే టీమంతా మునగాలి కదా. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మనకి పేర్లు తెలిసినవాళ్లే గుర్తుంటారు. పదేళ్లు బుద్ధిగా ఆడి, ఊళ్లో కొట్టు పెట్టుకుని ప్రశాంతంగా బతికిన డిఫెండర్ కథ ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కాబట్టి ఈ కథలు చూసి ఫుట్‌బాల్ ఆటగాళ్లందరికీ తాగుడు ఎక్కువని లెక్క తేల్చడం కుదరదు.

"ఆ దెబ్బతోనే తాగుడు మొదలైంది" అనే కథలు

ప్రతి పతనానికీ ఒక దెబ్బ వెతకడం మనకి అలవాటు. గ్రీవ్స్ కథ దానికి మంచి ఉదాహరణ. 1966 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో కాలికి గాయమై జట్టు నుంచి తప్పుకున్నాడు. అతని చోట్లో వచ్చిన జెఫ్ హర్స్ట్ ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టాడు. గ్రీవ్స్ బయట కూర్చుని చూశాడు. కథకి ఇంతకన్నా ఏం కావాలి! ఆ బాధతోనే తాగుబోతు అయ్యాడని వేలసార్లు రాశారు. కానీ 1968-69 సీజన్‌లో 27 గోల్స్‌తో ఇంగ్లండ్ లీగ్‌లో టాప్ స్కోరర్ అతనే. ఆ తర్వాత 1971లో 31 ఏళ్లకే పెద్ద ఆట మానేశాక పరిస్థితి చెయ్యిదాటింది. దెబ్బకీ పతనానికీ మధ్య అన్నేళ్ల మంచి ఆట ఉంటే, ఆ కథని కాస్త అనుమానంగా చూడాలి.

వంశం సంగతి ఇంకా చిక్కు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, తాగుడుకు బానిస కావడంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు సగం జన్యువులకు చెందుతుందని తేలింది. ఈ మాటను జాగ్రత్తగా చదవాలి. ఒక మనిషి తాగుడులో సగం తండ్రి వల్ల, సగం స్నేహితుల వల్ల అని దాని అర్థం కాదు. ఒక పెద్ద గుంపులో కొందరు మునిగి కొందరు మునగకపోవడానికి వెనకున్న తేడా గురించి మాత్రమే అది చెబుతుంది.

బెస్ట్ తల్లి ఆన్ నలభై దాటేదాకా చుక్క ముట్టని మనిషి. ఆ తర్వాత మొదలుపెట్టి, 1978లో అరవై నిండకుండానే తాగుడు వల్లే పోయింది. అప్పటికి కొడుకు ప్రపంచమంతా తెలిసిన తాగుబోతు. దీన్ని ఎలా చదవాలి? తల్లీకొడుకుల రక్తంలో ఒకే బలహీనత ఉందనుకోవచ్చు. కొడుకు పేరు వల్ల ఇంటి ముందు చేరిన జనం, విలేకరులు, రాత్రీ పగలూ ఫోన్లు ఆ తల్లిని కుంగదీశాయని కూడా అనుకోవచ్చు. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు.

గరించాది ఇంకో రకం. రియో దగ్గర పావ్ గ్రాండే అనే బట్టల మిల్లు ఊళ్లో పుట్టాడు. తండ్రి తాగుబోతు. చెరకు సారా కషాసా అక్కడ మంచినీళ్లంత మామూలు. రెండు కాళ్లూ వంకర, అయినా ఆ కాళ్లతోనే 1958, 1962 వరల్డ్ కప్పులు గెలిపించాడు. అతను, పీలే కలిసి ఆడిన మ్యాచ్ ఒక్కటి కూడా బ్రెజిల్ ఓడలేదు. మోకాలు అరిగిపోతుంటే ఇంజెక్షన్లతో ఆడించారు. 30 దాటేసరికి ఆట పోయింది, డబ్బు నిలవలేదు. తాగుడు మాత్రం చిన్నప్పటి నుంచి వెంటే ఉంది. ఇక్కడ ఆట తాగుడుని తెచ్చిందనలేం. ఆట ఉన్నన్నాళ్లూ తాగుడుకి పోటీ ఉంది, ఆట పోయాక లేదు అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

డాక్టర్‌కే తెలియదా?

అవగాహన లేక తాగుతారు అనేవాళ్లకి సోక్రటీస్ ఒక చిక్కు ప్రశ్న. గ్రీకు తత్వవేత్త పేరు పెట్టుకున్న ఈ బ్రెజిల్ కెప్టెన్ ఆడుతూనే వైద్యవిద్య చదివిన డాక్టర్. సైనిక పాలన రోజుల్లో కొరింథియన్స్ క్లబ్‌లో ప్రతి నిర్ణయానికీ ఆటగాళ్లూ సిబ్బందీ సమానంగా ఓటేసే పద్ధతికి ముందు నిలబడినవాడు. లివర్ ఎలా పాడవుతుందో, ముందు కొవ్వు పట్టి, తర్వాత వాచి, చివరికి మచ్చలు కట్టి గట్టిపడి సిరోసిస్ ఎలా అవుతుందో అతనికి పుస్తకం చూడకుండా తెలుసు. 2011లో రక్తస్రావంతో ఆసుపత్రి పాలై, తాగుడు వల్లేనని ఒప్పుకుని, డిసెంబర్ 4న ఇన్ఫెక్షన్ ముదిరి పోయాడు. ఆ రోజే కొరింథియన్స్ లీగ్ టైటిల్ గెలిచింది.

మాన్పించే మాత్ర ఏం చేస్తుంది, ఏం చేయదు

బెస్ట్ ప్రయత్నించలేదనడం అన్యాయం. డైసల్ఫిరామ్ అనే మందు ఉంది, ఆంటాబ్యూస్ పేరుతో ప్రసిద్ధి. ఆల్కహాల్‌ని శరీరం మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మార్చి, తర్వాత దాన్ని విరగ్గొడుతుంది. ఈ మందు ఆ రెండో మెట్టుని ఆపేస్తుంది. ఒక గుక్క తాగినా విషం పేరుకుని మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ. బెస్ట్ ఒకటికన్నా ఎక్కువసార్లు ఈ మందు బిళ్లల్ని పొట్టలో కుట్టించుకున్నాడు. అయినా ఆగలేదు.

ఎందుకంటే ఆ మందు శిక్ష వేస్తుంది, తపనని తీసేయదు. తపన మీద పనిచేసే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వేరే ఉన్నాయి. అవి కొందరికి కొంతవరకు పనిచేస్తాయి. మన ఊళ్లలో "అతనికి తెలియకుండా సాంబార్లో కలిపి పెట్టండి, నెలలో మానేస్తాడు" అని అమ్మే పొడుల సంగతి చాలా ఇళ్లలో తెలుసు. వాటిలో ఉన్నది డైసల్ఫిరామే అయితే, ఆ సంగతి తెలియని మనిషి మామూలుగా తాగి గుండె లయ తప్పి పడిపోవచ్చు. ఈ మందు రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిందని వైద్యులు పట్టుబట్టేది అందుకే.

రెండో లివర్ మీద తగువు

2002 జులైలో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో బెస్ట్‌కి లివర్ మార్పిడి చేశారు. ఏడాది గడిచేసరికి మళ్లీ తాగుతూ కనిపించాడు. 2004లో తాగి బండి నడిపిన కేసులో శిక్ష పడింది. బ్రిటన్ భగ్గుమంది. దానం దొరక్క క్యూలో చనిపోయేవాళ్లుండగా, తాగుబోతుకి లివర్ ఎందుకిచ్చారన్నది ఒక వాదన. దాతల కుటుంబాలు వెనకాడతాయేమోనన్న భయం కూడా అందులో ఉంది. ఇది కొట్టిపారేసే వాదన కాదు. అవయవాలు నిజంగానే తక్కువ.

జబ్బు ఎలా వచ్చిందో చూసి వైద్యం పంచడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతామన్నది రెండో వాదన. సిగరెట్ తాగినవాడి గుండె, తిండి అదుపులో లేనివాడి కిడ్నీ సంగతేంటి? చాలా దేశాల్లో మధ్యేమార్గంగా ఆరు నెలలు మానితేనే మార్పిడి అన్న నియమం నడిచింది. చిక్కేంటంటే, తాగుడు వల్ల లివర్ ఒక్కసారిగా వాచి ముదిరినవాళ్లలో చాలామంది ఆ ఆరు నెలలు బతకరు. ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు అలాంటి 26 మందిని జాగ్రత్తగా ఎంచి, గడువు లేకుండా మార్పిడి చేసి 2011లో ఫలితాలు చెప్పారు. ఆరు నెలలకు బతికున్నవాళ్లు 77 శాతం, మార్పిడి జరగని అలాంటి రోగుల్లో 23 శాతమే. మళ్లీ తాగినవాళ్లు ముగ్గురు. ఒక్క బెస్ట్‌ని చూసి అందరూ అంతే అనుకుంటే లెక్క తప్పుతుంది. ముగ్గురు తాగారు కదా అంటే, అదీ నిజమే.

జబ్బు అంటే బాధ్యత పోతుందా అన్న తగువు కూడా దీనితోనే ముడిపడి ఉంది. 1969లో గరించా నడుపుతున్న కారు లారీని ఢీకొని అతని అత్తగారు చనిపోయింది. బెస్ట్ 1984లో తాగి నడపడం, పోలీసు మీద చెయ్యి చేసుకోవడం కేసుల్లో జైలుకెళ్లాడు. బ్రిటన్ న్యాయస్థానాలు వ్యసనాన్ని జబ్బుగా చూసి బెస్ట్‌కి శిక్ష మాఫీ చేయలేదు. నా మటుకు అది సబబే. జాలి రోగి మీద పడేటప్పుడు, రోడ్డు మీద ఎదురొచ్చినవాడి మీద కూడా కొంత పడాలి.

బెస్ట్ చివరికి పోయింది కొత్త లివర్ చెడి కాదు. శరీరం ఆ లివర్‌ని తిరగ్గొట్టకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. 2005 అక్టోబర్‌లో కిడ్నీ ఇన్ఫెక్షన్ మొదలై, ఒక్కో అవయవం పనిచేయడం మానేసింది.

మానేసినవాళ్లకి ఏం దొరికింది

ఆడమ్స్ 1996 ఆగస్టులో, 29 ఏళ్లప్పుడు మానేశాడు. సెప్టెంబర్‌లో జట్టు మొత్తాన్ని కూర్చోబెట్టి నేను తాగుడుకు బానిసనని చెప్పాడు. అదే శరదృతువులో వచ్చిన కోచ్ ఆర్సెన్ వెంగర్ తిండి, తాగుడు పద్ధతులు మార్చేశాడు. మారిన మనిషికి మారిన చోటు దొరికింది. అతనికి ఇంకా ఆరేళ్ల ఆట మిగిలి ఉంది, కెప్టెన్సీ ఉంది. 1998లో, 2002లో లీగూ కప్పూ రెండూ ఎత్తాడు. 2000లో ఆటగాళ్ల వ్యసనాలకు వైద్యం చేయించే స్పోర్టింగ్ ఛాన్స్ సంస్థ పెట్టాడు. గ్రీవ్స్ 1978లో మానేసి టీవీలో రెండో జీవితం సంపాదించుకున్నాడు.

అయితే ఆసరా దొరికితే చాలు అనడానికి గాస్కోయిన్ ఒప్పుకోనివ్వడు. స్నేహితులు డబ్బులు వేసుకుని 2013లో అమెరికాలో క్లినిక్‌కి పంపారు. అంతకుముందూ, తర్వాతా చికిత్సలు చాలా జరిగాయి. మానడం, జారడం, మళ్లీ మానడం. షుగర్, బీపీ లాగే ఇదీ తిరగబెట్టే జబ్బని వైద్యులు అనేది ఇలాంటివాళ్లను చూసే.

గెర్డ్ ముల్లర్‌కి ఆడేటప్పుడు పెద్దగా సమస్య కనిపించలేదు. 1970 వరల్డ్ కప్‌లో 10 గోల్స్, 1974 ఫైనల్లో గెలిపించిన గోల్, జర్మనీకి 62 మ్యాచ్‌ల్లో 68. 1979లో బేయర్న్ మ్యూనిక్ వదిలి అమెరికా వెళ్లి, ఆట అయ్యాక అక్కడే రెస్టారెంట్ నడిపి, తిరిగొచ్చాక తాగుడులో కూరుకుపోయాడు. పొద్దున లేస్తే వెళ్లాల్సిన చోటంటూ లేదు. 1991లో ఊలీ హోనెస్ వంటి పాత సహచరులు పట్టుబట్టి చికిత్సకు పంపారు. అది అయ్యాక క్లబ్ అతనికి సన్మానం చేసి పంపేయకుండా ఉద్యోగం ఇచ్చింది. కుర్రాళ్లకి నేర్పించే పని, తర్వాత రిజర్వ్ జట్టుకి సహాయ కోచ్. రోజూ పొద్దున ట్రాక్ సూట్ వేసుకుని మైదానానికి రావాలి. మతిమరుపు జబ్బు ముదిరేదాకా, రెండు దశాబ్దాలకు పైగా వచ్చాడు. 2008 ప్రాంతంలో అతని దగ్గర ఆడిన సన్నటి కుర్రాడు థామస్ ముల్లర్. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఆ కుర్రాడు 2010 వరల్డ్ కప్‌లో గెర్డ్ ఒకప్పుడు వేసుకున్న 13 నంబర్ చొక్కాతో ఐదు గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచాడు.